గది నింపడానికి రండమ్మా

ఏసీ కొనాలా వద్దా అని మా ఇంట్లో ఏళ్ళ తరబడి నలుగుతున్న గొడవ ఈ ఎండల్లో తేలిపోయింది. కొనేద్దాం అన్నారు మా ఆయన. ఆయన కొనేద్దాం అన్నారంటే, కొన్నాక వచ్చే కరెంటు బిల్లు సంగతి నేను చూసుకోవాలని అర్థం. సరే, ముందు లెక్క తెలుసుకుందామని చోడవరం బజారులో ఏసీలు బిగించే కుర్రాణ్ణి పిలిపించాను. ఎంత సైజు పడుతుంది, నెలకి ఎంత కాలుతుంది, తగ్గించుకునే దారేమైనా ఉందా, ఇవీ నా ప్రశ్నలు.

కుర్రాడు టేపు పట్టి గది కొలిచాడు. పైన ఇంకో అంతస్తుందా, ఉత్త స్లాబేనా అని అడిగాడు. కిటికీ సందుల్లో వేళ్ళు పెట్టి చూశాడు. తర్వాత పడమటి గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఆ చెయ్యి ఆనించడం చూసేసరికి నా మనసు ఎక్కడికో పోయింది. మా వీధిలో ఒకాయన అచ్చం ఇలాగే గోడలకి జ్వరం చూసేవాడు.

"ఈ గదిలో ఎంతమంది పడుకుంటారమ్మా?" అన్నాడు కుర్రాడు.

"రాత్రిళ్ళు మేమిద్దరమే. పగలు మాత్రం వీధిలోవాళ్ళందర్నీ పిలిచి కూర్చోబెడతాంలే. గది నిండితే కరెంటు తక్కువ కాలుతాది కదా," అన్నాను. నాకూ నాలుగు ముక్కలు తెలుసని వాడికి తెలియొద్దూ మరి.

టేపు చుట్టుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు.

"అలాగని మీకెవరు సెప్పేరమ్మా?"

"మా బాబాయ్ చెప్పేడు. నువ్వు పుట్టకముందు నించీ కోల్డు స్టోరేజీలో పనిచేసినాయన."

దానికి వాడేమన్నాడో తర్వాత చెప్తాను. బాబాయి ఎలాంటివాడో తెలియకుండా ఆ మాట చెప్పి లాభం లేదు.

బాబాయంటే మాకు చుట్టమేం కాదు. ఎదురింటాయన. ఆయన పేరుతో పోస్టుమేన్‌కీ బ్యాంకువాళ్ళకీ తప్ప ఎవరికీ పని పడలేదు. వీధి వీధంతటికీ కోల్డు స్టోరేజీ బాబాయే. పొట్టి మనిషి. నడి వేసవిలో కూడా చేతుల బనీను, దాని మీద చొక్కా, మెడ చుట్టూ తువ్వాలు. మా వైపు బెల్లమంటే డబ్బు. వానాకాలం చెమ్మకి కారిపోతుంది కాబట్టి, మంచి ధర వచ్చేదాకా చలిగదుల్లో దాచిపెడతారు. అనకాపల్లి దగ్గర అలాంటి కోల్డు స్టోరేజీలోనే ఆయన రిటైరయ్యేదాకా పనిచేశాడు.

ఆ ఉద్యోగం వల్ల ఆయన నాలుక మీద ఒక మాట స్థిరపడిపోయింది. తలుపు. ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు కేసే చూసేవాడు. మనం ఫ్రిజ్ తెరిచి, పెరుగు ఎక్కడుందా అని వెతుక్కుంటుంటే వెనకనించి వినపడేది, "తలుపు." చిరాగ్గా వెనక్కి తిరిగితే, "ఏటి కావాలో ముందు తలుసుకోవాలమ్మా. ఆ తరవాత తియ్యాల. తీసి ఆలోసించకూడదు," అనేవాడు. పెళ్ళి చూపులకి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి మొహమాటపడుతుంటే కూడా, "లోపలికైనా రండి, బయటికైనా ఎళ్ళండి, తలుపు మాత్రం వెయ్యండి," అన్నాడు ఒకసారి. ఆ సంబంధం కుదిరింది లెండి, లేకపోతే మా అమ్మ ఆయన్ని జన్మలో క్షమించేది కాదు. ఆ పెళ్ళికూతుర్ని నేనే, పెళ్ళయ్యాక కూడా ఈ వీధిలోనే ఉండిపోయాను.

పెళ్ళికి ముందు, డిగ్రీ చదివేటప్పుడు, మా నాన్నతో ఒకసారి ఆ కోల్డు స్టోరేజీకి వెళ్ళాను. బెల్లం దిమ్మలు వేనులో వేసుకుని వెళ్ళాం. మా వీధిలో తువ్వాలు చుట్టుకుని నవ్వుతూ తిరిగే బాబాయి అక్కడ వేరే మనిషి. ఇనప తలుపు పక్కన నిలబడి, కలాసీల్ని లోపలికి తోలడం, అంతే జోరుగా బయటికి తోలడం. ఒక్క మనిషిని లోపల ఊరికే నిలబడనిచ్చేవాడు కాదు. బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల హాయిగా ఉంది, కాసేపు ఉందామని ఎవరికుండదు? నాకూ అనిపించింది. గుమ్మం దాటి రెండడుగులు వేశానో లేదో, నన్ను కూడా బయటికి గెంటేశాడు. ఏదో అరిచాడు కూడా. నేను మొహం ముడుచుకుని వేనెక్కి కూర్చున్నాను.

ఇక పిన్ని. బాబాయి భార్య. వాళ్ళకి పిల్లల్లేరు. పిన్నికి వీధే సంసారం. పొద్దున్న పని తెముల్చుకుని అరుగు మీద చేరిందంటే, చింతపండు పిక్క తీస్తూనో, చేటలో బియ్యం చెరుగుతూనో, పొద్దుగూకేదాకా మాట్లాడుతూనే ఉండేది. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలుకెళ్ళే బళ్ళవాళ్ళని కూడా ఆపి పలకరించేది. బాబాయి ఎంత పొదుపో ఆమె మాటల్లో అంత దుబారా.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు నేనూ తోడెళ్ళాను. డాక్టరు రెండు మాటలు చెప్పాడు. ఒకటి, ఎండ వేడి తగలకూడదు, అంతకుముందు ఏడాదే వడదెబ్బ తిన్న ఒళ్ళు, మళ్ళీ తగిలితే దక్కదు. రెండు, చుట్టూ నలుగురూ మాట్లాడుతుండాలి, ఆమెని మాట్లాడిస్తుండాలి, ఇలా నోరు కట్టుకుపోయి ఉంటే ఇక ఎప్పటికీ మాట రాదు. రెండు మాటలకీ బాబాయి బుద్ధిగా తలూపాడు.

అదిగో, అప్పుడు మొదలైంది ఏసీ వేట. మా వీధిలో అప్పటికి ఏసీ లేదు. బజారు వైపు ఏసీ ఉన్న ఇల్లు ఒక్కటి వదలకుండా తిరిగాడు. వెళ్ళి ఏసీని చూసేవాడు కాదు. మీటరు కింద నిలబడి, అందులో మిణుకుమనే ఎర్ర దీపం కేసి చూసేవాడు. "ఇప్పుడెయ్యమ్మా," అనేవాడు. ఏసీ వేస్తే ఆ దీపం ఎంత గబగబా కొట్టుకుంటుందో, గది చల్లబడ్డాక ఎంత నెమ్మదిస్తుందో, మెడ నొప్పెట్టేదాకా చూసేవాడు. ఆ ఇళ్ళవాళ్ళు ఇదెక్కడి గోలరా అని తలలు పట్టుకునేవాళ్ళు.

తర్వాత గది సంగతి. మధ్యాహ్నం గోడ గోడకీ అరచెయ్యి ఆనించి, "ఈ గోడకి జొరవుందే," అని పడమటి గోడ దగ్గర తేల్చాడు. దాని బయట తడిక కట్టి ఆనప పాదు పాకించాడు. స్లాబు మీద సున్నం కొట్టించి, దాని మీద తాటాకులు పరిపించాడు. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కాడు. ఏసీ బిగించాక దాన్ని చంటిపిల్లలా సాకాడు. శనివారం శనివారం జాలీ ఊడదీసి, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టేవాడు. రిమోటు ఎప్పుడూ ఆయన బొడ్లోనే. ఇరవయ్యేడు కంటే కిందికి దింపేవాడు కాదు, పైన ఫేను ఒకటి మీద తిరిగేది. గదిలో ఖాళీ ఉండకూడదని మూలల్లో ధాన్యం బస్తాలు, మూతలు బిగించిన నీళ్ళ బిందెలు పెట్టాడు. సరుకు నిండుగా ఉంటే చలవ పట్టి ఉంటుందని, కోల్డు స్టోరేజీలో నేర్చుకున్న విద్య. అది నిజమే కూడానట.

అంతా బాగానే ఉంది. పిన్నికి ఎండ తప్పింది. కానీ డాక్టరు చెప్పిన రెండో మాట ఏమైపోయింది? మొదట్లో అందరం కమలాపళ్ళు పట్టుకుని పలకరించడానికి వెళ్ళాం. గుమ్మంలో కాలు పెట్టగానే, "తలుపు." లోపలికి వెళ్ళి కూర్చుంటే, మళ్ళీ ఎవరో వస్తే, "తలుపు." చనువున్నదాన్ని, నాకే మనసు చివుక్కుమంది. చెరకు కోతలకీ ఊడ్పులకీ వెళ్ళే ఆడవాళ్ళు అసలు గడప తొక్కడమే మానేశారు. "ఆయనేటో కరెంటు కరెంటని సస్తన్నాడు, ఆ సల్లగాలి కోసం మనవెళ్ళి దేబిరించాలేటి," అంది మూలింటి నూకాలు. నూకాలంటే మా వీధికి రేడియో. అదే అలా అన్నాక ఇంకెవరు వెళ్తారు?

నేను మాత్రం అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. పిన్ని గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. పిలిస్తే చూసేది కాదు. అన్నం ముద్ద నోట్లో పెడితే పక్కకి కారిపోయేది. ఏసీ చప్పుడు తప్ప గదిలో ఏ చప్పుడూ లేదు. అరుగు మీద అంత సందడి చేసిన మనిషిని అలా చూస్తే, బతికించడానికి పెట్టిన గదే ఆమెని మింగేస్తోందని అనిపించింది. బాబాయి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, రిమోటు అటూ ఇటూ తిప్పుతూ ఉండేవాడు. ఆయనకి కబుర్లు చెప్పడం రాదు. జీవితమంతా బెల్లంతో గడిపిన మనిషికి ఏం కబుర్లుంటాయి?

ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చాడు. వస్తూనే మా తలుపు తనే వేశాడు.

"అమ్మా, ఓ సాయం సెయ్యాల. ఈ కరెంటు బిల్లు నా పీకలమీదికొచ్చింది."

"నేనేటి చేస్తాను బాబాయ్?"

"నువ్వొచ్చి గదిలో కూకోవాల. నువ్వొక్కర్తివే కాదు, నూకాల్నీ ఆళ్ళనీ అందర్నీ తీసుకురావాల. బస్తాలెట్టేను, బిందెలెట్టేను, సాల్లేదు. ఖాళీ గోదాం ఎక్కువ కరెంటు తింటాది. నిండితే సలవ లోపల నిలబడిపోద్ది. మడిసైనా బస్తా అయినా ఒకటే. కూసింత గది నింపి పుణ్యం కట్టుకోండి."

అలా అంటూ మొహం పైకెత్తి మా ఇంటి ఫేను కేసి చూశాడు. నాకు నవ్వొచ్చింది. పిసినారితనం ఎంతదాకా వచ్చిందిరా భగవంతుడా అనుకున్నాను. వెళ్ళి నూకాలుకి చెప్తే అదీ పడిపడి నవ్వింది. "ఓలమ్మ, మనల్ని బెల్లం దిమ్మల్లాగ పేర్సుతాడు గాబోలు." కానీ చెంగు దోపుకుని లేచింది. చల్లగాలికి రమ్మంటే వచ్చేది కాదు. సాయానికి రమ్మంటే రాకుండా ఎలా ఉంటుంది?

అలా మొదలైంది మా వీధిలో గది నింపడం. అన్నాలయ్యాక ఎవరి పని వాళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళం. పూలు కట్టేవాళ్ళు, చింతపండు తీసేవాళ్ళు, పాత చీరల బొంతలు కుట్టేవాళ్ళు. మంచం చుట్టూ కింద చాపల మీద మోకాళ్ళు తగిలేలా కూర్చునేవాళ్ళం. బుచ్చెయ్యపేటలో ఎవరి కోడలు ఎవరినేమంది, కె.కోటపాడులో ఎవరి గేదె ఎవరి చేలో పడింది, అన్నీ ఆ గదిలోకే వచ్చేవి. బాబాయి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, వచ్చేవాళ్ళని, "గది నింపడానికి రండమ్మా, బేగి రండి, తలుపు," అని లోపలికి తోసేవాడు. వెళ్ళిపోతామంటే, "అప్పుడేనా? ఇప్పుడెళ్తే మళ్ళీ ఖాళీ అయిపోద్ది, మిషను ఎక్కువ లాగుతాది," అని బతిమాలేవాడు.

పిన్ని మొదట గోడవైపే ఉంది. కొన్నాళ్ళకి వెల్లకిలా తిరిగింది. ఇంకొన్నాళ్ళకి మావైపు తిరిగింది. నూకాలు తన అత్తని వెక్కిరిస్తుంటే, ఓ రోజు పిన్ని మూతి ఎడమ పక్కకి కదిలింది. నవ్వేనని మేం, కాదని నూకాలు, పందెం కూడా వేసుకున్నాం.

ఆ వేసవి చివర్లో ఒక రోజు, నూకాలు పూలబుట్ట మర్చిపోయి ఇంటికి పరిగెత్తి, తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడి ఏదో చెప్తోంది. తలుపు బార్లా తీసి ఉంది. వేడిగాలి లోపలికి కొడుతోంది. బాబాయి ఆ రోజు నోరెత్తలేదు, బిందె సర్దుతున్నాడు. మంచం మీంచి వినపడింది.

"త...లుపు."

గదిలో ఎక్కడి చేతులక్కడ ఆగిపోయాయి. నూకాలు చేతిలోంచి బుట్ట జారిపోయింది. పిన్ని మళ్ళీ అంది, ఈసారి కాస్త కోపంగా. నూకాలు తలుపు వేసి, వచ్చి మంచం మీద పడి పిన్నిని పట్టుకుని ఏడ్చింది. మేమందరం ఏడ్చాం. బాబాయి మాత్రం బయటికి వెళ్ళాడు. కాసేపయ్యాక నేను వెళ్ళి చూస్తే, మీటరు కింద నిలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. బిల్లు బెంగ కాబోలు, ఈయన మారడు, అనుకుని వెనక్కి వచ్చేశాను.

తర్వాత పిన్నికి మాటలొచ్చాయి. ముద్దముద్దగానే కానీ బాబాయిని తిట్టడానికి సరిపడా వచ్చాయి. ఆ తర్వాత ప్రతి వేసవీ గది నిండుతూనే ఉంది. "బిల్లు తగ్గిందా బాబాయ్?" అని ఎవరడిగినా, మొహం పైకెత్తి ఫేను కేసి చూస్తూ ఒకటే జవాబు. "తగ్గిందమ్మా. సగానికి సగం." మీటరు చూసే మనిషి ఇచ్చిన కాగితం మాత్రం ఎవరికంటా పడకుండా మడిచి జేబులో పెట్టేసేవాడు. ఒక వేసవిలో స్కూటరు అమ్మేశాడు. ఇదేటి బాబాయ్ అంటే, మోకాళ్ళకి నడక మంచిదన్నాడు. సెంటరులో టీ మానేశాడు. అడిగితే అరగడం లేదన్నాడు. పొదుపు ముదిరి పిచ్చయిందని నవ్వుకున్నాం.

పిన్ని పోయాక ఆయన మళ్ళీ ఏసీ వెయ్యలేదు. అరుగు మీద, ఆమె కూర్చునే చోటే, విసనకర్ర పట్టుకుని కూర్చునేవాడు. వీధి తలుపు బార్లా తెరిచే ఉండేది. ఆయన తలుపు తీసి ఉంచడం నేను చూసింది అదే మొదలు. "ఎండలో ఏటి బాబాయ్, లోపలికెళ్ళి ఏసీ వేసుకో," అన్నాను ఒకసారి. "ఖాళీ గదికి ఏసీ ఎందుకమ్మా," అన్నాడు. కిందటేడు వానలు పడుతుండగా ఆయనా పోయాడు.

కానీ ఆయన విద్య మా వీధిలో ఉండిపోయింది. ఇప్పుడు ఏసీ ఉన్న ఏ ఇంట్లో చూసినా, మధ్యాహ్నం పొరుగువాళ్ళని కేకేస్తారు. గది నింపడానికి రండి, బిల్లు తగ్గుతుంది, అని. ఎవరూ మొహమాటపడరు. సాయం కదా.

ఇంత కథ ఉంటే, ఆ ఏసీ కుర్రాడు ఏమన్నాడో వినండి.

"మడిసి ఒంట్లో యేడుంటాది కదమ్మా. బస్తా అయితే ఊపిరి తియ్యదు. ఒక్కో మడిసి ఒక్కో పాత బల్బు ఎలిగినట్టే. గదిలో మడుసులు పెరిగేకొద్దీ మిషను ఎక్కువ లాగుతాది, బిల్లు ఎక్కువొస్తాది. ఆ లెక్కకే నేను ఎంతమందని అడిగేను. కోల్డు స్టోరేజీలో పన్జేసినాయనకి ఇది తెలకపోవడవేటమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న స్క్రూడ్రైవరు పట్టినవాడు మా బాబాయికి పాఠాలు చెప్తాడా అని నోరు తెరిచాను. అంతలో, డిగ్రీ చదివేరోజుల్లో ఆ ఇనప తలుపు దగ్గర నన్ను గెంటేస్తూ బాబాయి అరిచిన మాట, ఇన్నేళ్ళ తర్వాత, చెవిలో అరిచినట్టు వినపడింది.

"బయటికి రండర్రా బేగి. మీ ఒంటి యేడికి నా బెల్లం కరిగిపోద్ది."

ఆయనకి తెలుసు. మాలో ఒక్కొక్కరు గడప దాటి లోపలికి వస్తుంటే మీటరు మీద ఎర్ర దీపం ఎంత జోరందుకుంటుందో, ఈ చోడవరంలో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసే స్టూలు వేసుకుని కూర్చుని పిలిచాడు. తెలిసే స్కూటరు అమ్ముకున్నాడు, టీ మానుకున్నాడు. ఆ రోజు మీటరు కింద ఏడ్చింది బిల్లు చూసి కాదు. పిన్ని చుట్టూ నలుగురు ఉండాలి, నలుగురూ సిగ్గుపడకుండా రావాలి. దానికి వీధంతా తనని పిసినారి అని నవ్వినా సరే అనుకున్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పాపం ఆ కుర్రాడు, తను ఏదో తప్పుగా మాట్లాడాననుకుని కంగారుపడ్డాడు.

"మీ ఇద్దరికీ అయితే ఒక టన్ను సాలమ్మా, బిల్లు కలిసొస్తాది," అన్నాడు సర్దుకుని.

"పెద్దది బిగించు. ఒకటిన్నర."

"ఖర్చెక్కువైపోద్దమ్మా. తగ్గించే దారి సెప్పమన్నారు కదా."

"గోడకి పాదు పాకిస్తాను, స్లాబుకి సున్నం కొట్టిస్తాను. జాలీ శనివారం శనివారం నేనే కడుగుతాను. తగ్గించేది అక్కడ తగ్గిస్తాను. నువ్వు పెద్దదే బిగించు."

మా ఆయనకి ఈ సంగతి చెప్పాను. వీధిలో ఎవరికీ చెప్పలేదు. చెప్తే మర్నాటి నుంచి ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటారు.

ఏసీ బిగించిన మర్నాడు మధ్యాహ్నం, పిలవకుండానే నూకాలు వచ్చింది. జుట్టు ముగ్గుబుట్టయింది కానీ గొంతు మాత్రం తగ్గలేదు. చంకలో చింతపండు చేట, వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు.

"కొత్త మిషను గదా, ఖాళీగుంటే తినేస్తాదని వచ్చేం," అంటూ గుమ్మంలోనే నిలబడి, గదంతా కలయజూసింది. "ఇంతమందిమి కూకుంటే బిల్లు తగ్గుద్దంటావా?"

నేను మొహం పైకెత్తి ఫేను కేసి చూశాను.

"తగ్గుతాది నూకాలూ. సగానికి సగం. బేగి రండి. తలుపు."